రెండు పౌండ్ల వారం

2013 అక్టోబరు 10, గురువారం

మందిరంలో పరపతి సంఘం బల్ల పదింటికి వేశాం. పన్నెండు దాకా ఎనిమిది మంది వచ్చారు. గ్లెనిస్ బెనన్ మామూలుగానే మందిరం కానుకల పుస్తకం ఎడమ మోచేతి కింద, జనం పొదుపు పుస్తకం కుడి మోచేతి కింద పెట్టుకుని కూర్చుంది. రెంటికీ కోశాధికారి ఆవిడే. "కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని నువ్వే కదా ఇద్రిస్ చెప్పేది" అని నామీదే జోకు. కమిటీలో మూడోవాడు టెడ్. కిటికీ పక్కన కూర్చున్నాడు. టెడ్ ఉన్నా లేనట్టే.

డెలిత్ రోసర్ వచ్చింది. మూడు పౌండ్లు. ఆమెకిది ఏడో వారం. ఇద్దరు ఆడపిల్లలు, మగదిక్కు లేదు, బడిలో పొద్దుటిపూట గదులు ఊడుస్తుంది. గ్యాసు మనిషి ఆమె పొయ్యికి ఎర్ర చీటీ అంటించి పోయాడు. వెలిగిస్తే ప్రమాదమట. రెండు నెలలుగా పిల్లలకు మైక్రోవేవ్ తిండే. క్రిస్మస్ లోపు పొయ్యి కావాలి.

పదమూడు వారాలు వరసగా పొదుపు చేసినవాళ్ళకే అప్పు. ఆ రూలు రాసింది నేనే. కొంచెంలో నమ్మకంగా ఉన్నవాడు ఎక్కువలోనూ నమ్మకంగా ఉంటాడు, లూకా పదహారు. అది ఆమెకు చెప్పాను. "ఒక్క వారం తప్పినా మళ్ళీ మొదటికొస్తుంది తల్లీ."

"తప్పను ప్యూ గారూ" అంది.

గొంతు కొంచెం గరగర. ఉప్పునీళ్ళు పుక్కిలించాను.

అక్టోబరు 17, గురువారం

గ్లెనిస్ కార్డిఫ్ కంటి ఆసుపత్రికి వెళ్ళింది. తాళంచెవి నా ఒక్కడి దగ్గరే ఉంది. పక్క లోయలో కోతల కృతజ్ఞతా కూటం, ప్రసంగం నాది, బస్సు తొమ్మిదింటికి. "ఈ గురువారం బల్ల లేదు. శుక్రవారం ఇద్రిస్ ప్యూ ఇంటికి తెచ్చి ఇవ్వండి" అని పెద్ద అక్షరాలతో చీటీ రాసి, పిన్ను గుచ్చి సిద్ధంగా పెట్టుకున్నాను. నల్లకోటు వేసుకున్నాను.

అరవై మంది పైనే. గుమ్మడికాయలు, రొట్టెలు, ఒక బొగ్గుగడ్డ కూడా తెచ్చి బల్లమీద పెట్టారు. బొగ్గు మీదే మాట్లాడాను. ముగ్గురు ఏడ్చారు. గొంతు బాగుంది.

అక్టోబరు 18, శుక్రవారం

పొద్దున్నుంచి ఇంట్లోనే కనిపెట్టుకుని కూర్చున్నాను. ఒక్కరూ రాలేదు. ఈ లోయలో క్రమశిక్షణ అనేది బొగ్గుగనితోపాటే మూతబడింది.

మధ్యాహ్నం మందిరం తలుపు తీస్తే, ఉత్తరాలు వేసే సందు కింద కాలిపట్టా మీద ఒక కవరు. పాత గ్యాసు బిల్లు కవరు. లోపల రెండు పౌండు నాణేలు. వెనక పెన్సిలుతో, "ఈ వారానిది. ఇంతే ఉంది." పేరు లేదు.

చాలాసేపు నిలబడి చూశాను. బీద విధవరాలు, రెండు కాసులు. మార్కు పన్నెండు. నలభై ఏళ్ళుగా ఆ మాట చెబుతున్నాను, చేతిలోకి రావడం ఇదే మొదలు. గ్లెనిస్ జన్మలో ఇలా వేయదు. ఆవిడ వేసేది బంగాళాదుంపల దగ్గర బేరమాడి మిగిల్చిన చిల్లర.

ఆదివారానికి వాక్యం దొరికింది.

అక్టోబరు 20, ఆదివారం

ఇరవై రెండు మంది. కవరు ఎత్తి చూపించాను. తనకున్నదంతా వేసింది, అన్నాను. లెక్కలన్నిటికంటే ముందు ఈ రెండు కాసులు పరలోకపు పుస్తకంలో ఎక్కాయి, అన్నాను. బల్ల గుద్దితే నీళ్ళగ్లాసు పడింది.

డెలిత్ రోసర్ పిల్లల్ని తీసుకుని మొదటిసారి వచ్చింది, వెనక బెంచీ. ప్రసంగమంతా తల ఊపుతూనే ఉంది, నన్ను చూసి నవ్వింది కూడా. ఒక ఆత్మ కదిలిందని లెక్క వేసుకున్నాను. మూడో బెంచీలో వారాల మార్లీన్ ఎప్పటిలాగే కన్ను ఆర్పకుండా విన్నది. ఇంటింటికీ తిరిగి అప్పులిచ్చి వారం వారం వసూలు చేసే కంపెనీకి ఏజెంటు ఆమె. పదకొండేళ్ళుగా నేను వడ్డీ మీద ఎంత నిప్పు కురిపించినా ఆ బెంచీ వదల్లేదు.

కవరును మార్కు పన్నెండు దగ్గర గుర్తుగా పెట్టుకున్నాను. గ్లెనిస్ నాణేలు కానుకల్లో రాసింది. గొంతు బాగుంది.

నవంబరు 3, ఆదివారం

పదహారు మంది. వాన. గొంతు బాగుంది.

నవంబరు 21, గురువారం

డెలిత్ దరఖాస్తు ఇచ్చింది. మూడు వందల పౌండ్లు, వాడిన పొయ్యి, బిగింపు కూలితో సహా. పదమూడు వారాలు నిండాయి అంది. సోమవారం కమిటీ.

నవంబరు 25, సోమవారం

నిండలేదు. పుస్తకంలో పన్నెండే ఉన్నాయి. అక్టోబరు 17 ఖాళీ.

గ్లెనిస్ అంది, "ఆ రోజు నేను కంటికి వెళ్ళా. బల్ల లేదు కదా. ఆ పిల్ల తప్పేముంది?"

"తలుపు మీద చీటీ పెట్టాను. శుక్రవారం మా ఇంటికి తెమ్మని. ఆమె రాలేదు."

"ఒక్క వారం ఇద్రిస్. ఆ ఇంట్లో పొయ్యి లేదు."

"ఒక్క వారానికి వదిలేస్తే రూలెందుకు? దేవుడు ఇశ్రాయేలును నలభై ఏళ్ళు నడిపించాడు, ముప్పై తొమ్మిది కాదు."

"ఆయన దగ్గర ఆకాశం నుంచి కురిసే మన్నా ఉంది. ఆమెకు మైక్రోవేవ్ ఉంది."

టెడ్ ఏమంటావని అడిగాం. "మీరెలా అంటే అలా" అన్నాడు.

కాదని రాశాను. రూలు ఒకరి కోసం వంగితే అందరి కోసం విరుగుతుంది. నిద్ర బాగానే పట్టింది.

నవంబరు 26, మంగళవారం

నల్లకోటు చాకలి కొట్టుకు వేద్దామని జేబులు చూస్తుంటే పిన్ను గుచ్చుకుంది. వేలికి కొంచెం రక్తం. కోటు మళ్ళీ తగిలించేశాను. చలికాలం అయ్యాక వేయవచ్చు.

నవంబరు 28, గురువారం

డెలిత్‌కు చెప్పాను. పిల్లల సాక్సులు అప్పుడే ఉతికి ఆరేసినట్టు ఉన్నాయి ఆమె చేతులు, ఎర్రగా, నాని.

"ఏ వారం?" అంది.

"అక్టోబరు పదిహేడు."

నా ముఖం చూసింది. "అది మీకు తెలుసు కదా ప్యూ గారూ."

"తెలుసు. అందుకే" అన్నాను.

మూడు పౌండ్లు కట్టి, పుస్తకం సంచిలో పెట్టుకుని వెళ్ళింది. తలుపు మెల్లగా వేసింది. నేను మర్యాదగానే చెప్పాను. గ్లెనిస్ ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. ఆమెకు కన్ను ఇంకా నొప్పి అనుకుంటాను.

నవంబరు 29, శుక్రవారం

మార్లీన్ కారు డెలిత్ ఇంటి ముందు ఆగి ఉంది. ఇరవై నిమిషాలు. నేను అటు ఊరికే నడుస్తున్నాను.

డిసెంబరు 1, ఆదివారం

నెహెమ్యా అయిదు. వడ్డీకి పొలాలు, పిల్లలు పోగొట్టుకున్న జనం. ఈ లోయలో దువ్వెనతో దువ్వినట్టు ఇంటింటినీ దువ్వుకుంటూ పోయే కంపెనీల గురించి చెప్పాను. నా చిన్నప్పుడు శుక్రవారం వసూలువాడు తలుపు తడితే, అమ్మ సోఫా వెనక కూర్చుని "అమ్మ లేదని చెప్పు" అని నాకు చెప్పడం గురించి చెప్పాను. నేను తలుపు తీసి "మా అమ్మ లేనని చెప్పమంది" అన్న సంగతి కూడా చెప్పాను. నవ్వారు. నవ్వాక భయపడ్డారు. అలా ఉండాలి ప్రసంగం.

డెలిత్ రాలేదు.

గుమ్మం దగ్గర మార్లీన్ చెయ్యి కలిపింది. "బాగా కాల్చావు ఇద్రిస్. ఒక్కటి మాత్రం చెబుతా. నువ్వు తలుపు మూసినప్పుడల్లా నా కారు ఆగుతుంది."

గొంతు పట్టేసింది.

డిసెంబరు 3, మంగళవారం

రొట్టెల కొట్టు ముందు మార్లీన్ నన్ను ఆపింది.

"డెలిత్ మూడు వందలు తీసుకుంది. వారానికి పదిన్నర, యాభై రెండు వారాలు. అయిదు వందల నలభై ఆరు. నువ్వు వేదిక మీద లెక్క వేసేలోపు నేనే చెబుతున్నా."

"సిగ్గులేదా నీకు?"

"ఉంది. అందుకే మూడో బెంచీలో కూర్చుంటా. విను ముందు. ఆ పిల్ల ఏడవలేదు, సంతకం పెడుతూ నవ్వింది. నా రెండు పౌండ్లు దేవుడు తీసుకున్నాడు, మిగతావి మీరు తీసుకోండి అంది."

"ఏ రెండు పౌండ్లు?"

"గ్యాసు బిల్లు కవర్లో వేసినవి. తలుపు తాళం వేసి ఉంటే సందులోంచి వేసిందట, ఆ వారం పొదుపు. నువ్వు జెండాలా ఊపావే, అవి."

కొట్టు లోపల ఎవరో రొట్టె ముక్కలు కోస్తున్నారు. నేను అటే చూశాను.

మార్లీన్ గొంతు తగ్గించింది. "మా కాగితంలో నాలుగో పేజీ చివర చీమంత అక్షరాల్లో ఉంటుంది. పద్నాలుగు రోజుల్లోపు అక్కర్లేదని చెప్పి అసలు కట్టేస్తే, ఆ నాలుగు రోజుల చిల్లర వడ్డీ తప్ప ఏమీ లేదు. పదమూడో తేదీ శుక్రవారంతో గడువు సరి. ఆమె డబ్బంతా పొయ్యికి పెట్టేసింది. మీరు అప్పిస్తే బయటపడుతుంది. లేకపోతే ఏడాది పాటు నేను తలుపు తట్టాలి."

"నీ కమీషన్ పోతుందిగా."

"పోతుంది. పదకొండేళ్ళ నుంచి నీ తిట్లు ఉచితంగా వింటున్నా, ఒకసారికి ఖరీదు కట్టాననుకో."

పోయింది. రొట్టె కొనడం మరిచి ఇంటికి వచ్చాను.

చీటీ నల్లకోటు జేబులో ఉంది. అక్టోబరు 17 నుంచీ అక్కడే ఉంది. పోయిన మంగళవారం పిన్ను గుచ్చుకున్నప్పుడు చూశాను, చదివాను, తిరిగి అక్కడే పెట్టాను. ఈ నాలుగు మాటలు రాయడానికి ఏడు రోజులు పట్టింది.

డిసెంబరు 5, గురువారం

బల్ల అయ్యాక డెలిత్ ఇంటికి వెళ్ళాను. లోపలికి రమ్మంది. పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది, ఉల్లికాడల సూపు వాసన. కిటికీ అద్దాల మీద ఆవిరి. టీ ఇచ్చింది. అడిగే హక్కు లేకపోయినా అడిగాను.

"ఆ కవరు మీద పేరెందుకు రాయలేదు తల్లీ?"

"ప్రతి గురువారం మీ ముందే కదా నిలబడతా. గ్యాసు బిల్లు కవరు చూసి ఇంకెవరనుకుంటారు? పొయ్యి లేనిదాన్ని నేనే కదా."

"తర్వాత వారం పుస్తకంలో లేదని చూసుకోలేదా?"

"చూశా. ఆదివారం మీరు అంతమంది ముందు చెప్పారుగా, అన్ని పుస్తకాలకంటే ముందు అందులో ఎక్కిందని. ఇంక ఇందులో రాయక్కర్లేదేమో అనుకున్నా." కొంచెం ఆగింది. "మాకు బ్యాంకులెప్పుడూ లేవు ప్యూ గారూ. ఎలా రాస్తారో నాకేం తెలుసు. అందరి ముందూ చెబితే అదే రశీదు అనుకున్నా. పిల్లల్ని కూడా తీసుకొచ్చా చూపిద్దామని."

"మరి నేను కాదన్న రోజు ఎందుకు చెప్పలేదు?"

"చెప్పా. మీకు తెలుసు కదా అన్నా. తెలుసు, అందుకే అన్నారు."

టీ తాగేశాను. వేడిగా ఉంది. ఆ వారం రెండే ఎందుకని అడగబోయి ఆగాను. ఇంతే ఉంది అని ఆమె రాసింది. ఆ ఒక్కటీ నేను సరిగ్గానే చదివాను.

గుమ్మంలో అంది, "నన్ను మీ కథలో పెట్టారు, జమలో పెట్టలేదు. అంతే. కోపం లేదు." కోపం ఉన్నట్టే చెప్పింది.

డిసెంబరు 6, శుక్రవారం

గ్లెనిస్‌కు చెప్పాను. ఆవిడ బంగాళాదుంపల తొక్క తీస్తోంది, ఆపలేదు.

"కానుకల్లో ఎక్కిన డబ్బు పొదుపులోకి మార్చాలంటే ఆధారం కావాలి ఇద్రిస్. ఆ వారమే వచ్చిందని, కానుకగా కాదని. కవరు మీద తేదీ లేదు. లెక్క చూసేవాడు అడుగుతాడు. నీ మాట చాలదు. రూలూ నీదే, తాళంచెవీ నీదే."

"దేవునికిచ్చింది వెనక్కి ఇవ్వం అంటున్నావా? ఇది కొర్బాను, దేవునికిచ్చేశాం అని చెప్పి తల్లిదండ్రులకు అన్నం పెట్టనివాళ్ళ గురించి మార్కు ఏడులో..."

"మార్కు ఏడు నాకు తెలుసు. నువ్వు ఆ పదం ప్రతి ఏడూ నామీదే వాడతావు. ఆధారం తీసుకురా. సోమవారం మూడింటికి."

ఆధారం ఉంది. అక్టోబరు 17, 18. ఈ పుస్తకంలో, నా చేతిరాతతో, సిరా రంగు కూడా ఆ నెలదే. ఇది ఎవరికీ చూపించింది కాదు. నా భార్య బతికి ఉన్నప్పుడు కూడా దీన్ని తెరవలేదు.

18 మళ్ళీ చదివాను. బంగాళాదుంపల వాక్యం కొట్టేయవచ్చు. కొట్టేస్తే ఆధారం చెడుతుంది.

డిసెంబరు 8, ఆదివారం

పదమూడు మంది. యోబు. ఏం చెప్పానో గుర్తులేదు.

డిసెంబరు 9, సోమవారం

మూడింటికి చదివాను. పదిహేడు, పద్దెనిమిది, ఇరవై. నవంబరు ఇరవై అయిదు, ఇరవై ఆరు. గొంతు పెంచలేదు.

గ్లెనిస్ కళ్ళద్దాలు తీసింది. "బంగాళాదుంపల మాట మళ్ళీ చదువు."

చదివాను.

"బేరం ఆడతాను, నిజమే. అందుకే ఈ సంఘం పెట్టెలో ఇంకా అప్పివ్వడానికి డబ్బుంది. సరే. ఇరవై ఆరున పిన్ను గుచ్చుకుంది అంటే?"

"చీటీ జేబులోనే ఉంది. తలుపు మీద పెట్టలేదు."

"అప్పుడే తెలుసా?"

"తెలుసు."

"ఇరవై ఎనిమిదిన ఆ పిల్లకు కాదని చెప్పినప్పుడూ తెలుసా?"

"తెలుసు."

హీటరు టిక్కుటిక్కుమంటోంది. అప్పుడు టెడ్ కిటికీ దగ్గర నుంచి అన్నాడు, "ఆ గురువారం నేనూ వచ్చా. తలుపు వేసుంది. చీటీ లేదు."

గ్లెనిస్ అటు తిరిగింది. "నవంబరులో ఎందుకు చెప్పలేదు?"

"మీరెలా అంటే అలా అన్నా."

"నీ పుస్తకంలోనూ ఆ వారం ఖాళీయేనా?"

"ఖాళీయే. నన్నెవరూ అడగలేదు. నేను అప్పు అడగలేదుగా."

గ్లెనిస్ లెక్క మొదలుపెట్టింది. డెలిత్‌కు వారానికి వచ్చేది, అద్దె, కరెంటు మీటరులో వేసేది, పిల్లల బూట్లకు పక్కన పెట్టేది. అన్నీ పోను తొమ్మిది పౌండ్లు మిగులుతున్నాయి. "మార్లీన్ కాగితం ప్రకారం పదిన్నర కట్టాలి. మొదటి వారమే ఒకటిన్నర తక్కువ. అది అడక్కుండా ఇచ్చారు వాళ్ళు. మన దగ్గర వారానికి ఆరుంపావు కన్నా తక్కువ, మొత్తం మూడు వందల ఇరవై. రెండు మూడు పౌండ్లు చేతిలో ఉంటాయి. ఇవ్వవచ్చు." పదమూడు వారాలుగా నేను ఆమెను ఒక్కసారి కూడా అది అడగలేదని అప్పుడు గమనించాను. వారాలే లెక్కపెట్టాను.

ఆవిడ కానుకల సంచిలోంచి రెండు నాణేలు తీసి పొదుపు పెట్టెలో వేసింది. బల్ల మీద ఆ సంచికీ పెట్టెకీ మధ్య దూరం జానెడు.

ఇస్తున్నట్టు రాశాను. బల్ల మూసి ఉన్న రోజు ఎవరికీ తప్పిన వారం కాదని టెడ్ ఒక వాక్యం రాయించాడు. తాళంచెవి రెండోది చేయించి టెడ్ దగ్గర ఉంచాలని గ్లెనిస్ రాయించింది.

డిసెంబరు 12, గురువారం

డెలిత్ మూడు వందలు లెక్కపెట్టుకుని బయటికి వెళ్ళింది. మార్లీన్ కారులో ఉంది. కిటికీ దించి తీసుకుంది, చిల్లర వడ్డీతో సహా. కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చింది. హారను కొట్టి వెళ్ళిపోయింది. శుక్రవారానికి ఒక రోజు ఉంది.

డెలిత్ మళ్ళీ లోపలికి వచ్చి పాసుపుస్తకం నా ముందు పెట్టింది. అక్టోబరు 10 కింద వెంటనే అక్టోబరు 24 ఉంది. మధ్యలో చోటు లేదు. ఆ సన్నటి సందులో వీలైనంత చిన్నగా రాశాను. 17. రెండు పౌండ్లు. సంతకం.

పుస్తకం వెలుతురుకు ఎత్తి చూసింది. "చెప్పడం అంత పెద్దగా చెప్పారు" అంది, "రాయడం ఇంత చిన్నగా రాశారు."

గ్లెనిస్ నవ్వింది. నవంబరు నుంచి మొదటిసారి.

"పేరు చెప్పొద్దు కానీ" అంది డెలిత్.

అడగలేదు దేని గురించో. తెలిసింది.

డిసెంబరు 15, ఆదివారం

పంతొమ్మిది మంది. డెలిత్ వెనక బెంచీ, పిల్లలు అటూ ఇటూ.

ప్రసంగం లేదు. మార్కు పన్నెండు దగ్గర నుంచి కవరు తీసి మళ్ళీ ఎత్తి చూపించాను. వెనక రాసింది చదివాను. ఇది కానుక కాదు, పొదుపు, అన్నాను. తలుపు తాళం వేసింది నేను, చీటీ జేబులో పెట్టుకుంది నేను, తెలిసీ దాచింది నేను. ఒకరి పొయ్యి డబ్బును నా ప్రసంగానికి వాడుకున్నాను. పేరు చెప్పలేదు. రెండు నిమిషాలు పట్టి ఉంటుంది.

మూడో బెంచీ నుంచి మార్లీన్ అంది, "వినబడలేదు ఇద్రిస్."

మళ్ళీ చెప్పాను.